మూత్రం ఆపుకోలేని సమస్యకు ఏ మాత్ర? దుష్ఫలితాలను బట్టి ఎంపిక

మూత్రం వస్తోందన్న తలపు రాగానే పరుగు తీయవలసి రావడం, పగలు ఎనిమిది సార్లకు మించి వెళ్లడం, రాత్రి రెండు మూడు సార్లు నిద్ర లేవడం, ఒక్కోసారి బాత్‌రూమ్ గడప చేరేలోపే బట్టలు తడిసిపోవడం. ఇన్ఫెక్షన్ ఏదీ లేకుండానే ఇవి కొనసాగుతుంటే వైద్యులు ఆ స్థితిని ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు. మూత్రాశయం నిండకముందే దాని గోడలోని కండరం బిగుసుకోవడం ఇందుకు ప్రధాన కారణం. ఆ కండరాన్ని సడలించే మాత్రలు అరడజనుకు పైగా ఉన్నాయి.

వాటిలో ఏది బాగా పనిచేస్తుందన్న ప్రశ్నకు సమాధానం కొంత నిరాశపరుస్తుంది. మందేమీ లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్షల్లో, రోజుకు వెళ్లే సార్లలో అదనంగా కనిపించిన తగ్గుదల సగటున ఒకటి అటూఇటూగానే ఉంది, ఒక మందుకూ మరో మందుకూ మధ్య ఈ విషయంలో పెద్ద అంతరం లేదు. అంతరమంతా దుష్ఫలితాల్లోనే ఉంది. అందువల్ల ఏ మాత్ర గొప్పదని అడగడం కన్నా, ఏ ఇబ్బందిని నా శరీరం తట్టుకోలేదని అడగడమే సరైన ప్రశ్న అని నా అభిప్రాయం. మలబద్ధకంతో ఏళ్లుగా బాధపడేవారికి నప్పని మందు, అదుపులో లేని బీపీ ఉన్నవారికి నప్పని మందు ఒకటి కావు.

## మాత్ర కన్నా ముందు తేల్చుకోవలసినవి

మొదట, ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలన్నీ ఒకచోట పెట్టి చూడాలి. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి చక్కెరను మూత్రంలోకి పంపి మూత్రం పరిమాణాన్ని పెంచుతాయి. గుండె జబ్బుకో కాళ్ల వాపుకో ఇచ్చే ఫ్యూరోసెమైడ్ చేసే పనే మూత్రాన్ని పెంచడం. అలాంటి మందు సాయంత్రం వేసుకుని, రాత్రి నిద్ర చెడుతోందని మూత్రాశయానికి మరో మందు వేసుకోవడం కన్నా, మొదటి మందు వేళను ఉదయానికి మార్చవచ్చా అని వైద్యుణ్ణి అడగడం మంచిది.

ఇంకో గొలుసు కూడా ఉంది. మతిమరుపు జబ్బుకు వాడే డొనెపెజిల్ శరీరంలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని పెంచుతుంది, దాని వల్ల కొందరికి మూత్రం తొందర ఎక్కువవుతుంది. అప్పుడు ఇంకో వైద్యుడు అదే రసాయనం పనిని అడ్డుకునే మూత్రాశయపు మాత్ర రాస్తారు. ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో లాగేసుకున్నట్లు, రెండు మందులూ ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటూ సాగుతుంటాయి. ఇంట్లో పెద్దవారికి మందులు చూసుకునేవారు ఈ జంట చీటీలో కనబడితే తప్పక ప్రశ్నించాలి.

ఆ తర్వాత మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష, మూత్రం పోసిన వెంటనే లోపల ఎంత మిగిలిందో చూపే స్కాన్ చేయించుకోవాలి. ప్రోస్టేట్ పెరిగిన పురుషుల్లో ఈ మూడోది మరీ ముఖ్యం. మూత్రం 150 నుంచి 200 మిల్లీలీటర్లకు మించి మిగిలిపోతుంటే, మూత్రాశయాన్ని సడలించే ఏ మందు విషయంలోనైనా వైద్యులు వెనకాముందూ ఆడతారు, ఎందుకంటే కండరం ఇంకా సడలితే మూత్రం పూర్తిగా నిలిచిపోయి పైపు వేయవలసి రావచ్చు.

ఇక ఎంపికకు కొలమానాలు ఇవి: నోరు, మలవిసర్జన ఎలా ఉన్నాయి, వయసు, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయి, బీపీ అదుపులో ఉందా, కంటిలో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయా, మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయి, ఇతర మందులేమిటి, నెలనెలా ఎంత ఖర్చు భరించగలరు.

## ఒక్క చూపులో పోలిక

| మందు | ఎక్కువగా కనిపించే ఇబ్బంది | అనుకూలత | ప్రత్యేక జాగ్రత్త |
|---|---|---|---|
| ఆక్సిబ్యుటినిన్ | నోరు బాగా ఎండడం, మగత, మలబద్ధకం | చవక, త్వరగా పనిచేస్తుంది | పెద్దవారిలో మెదడుపై ప్రభావం |
| టోల్టెరోడిన్ | నోరు ఎండడం, ఆక్సిబ్యుటినిన్ కన్నా తక్కువ | నెమ్మదిగా విడుదలయ్యే రకం రోజుకు ఒకటి చాలు | గుండె లయ సమస్య ఉన్నవారు |
| సోలిఫెనాసిన్ | నోరు ఎండడం, మలబద్ధకం | రోజుకు ఒకటి, 5 లేదా 10 మి.గ్రా. | ఇట్రాకొనజోల్ వంటి మందులతో 5 మి.గ్రా. మించరాదు |
| డారిఫెనాసిన్ | మలబద్ధకం ఎక్కువ | మెదడుపై ప్రభావం తక్కువ | ముందే మలబద్ధకం ఉన్నవారు |
| ట్రోస్పియం | నోరు ఎండడం, మలబద్ధకం | మెదడులోకి చాలా తక్కువగా చేరుతుంది | ఖాళీ కడుపున వాడాలి, కిడ్నీ జబ్బులో మోతాదు తగ్గించాలి |
| మిరాబెగ్రాన్ | బీపీ పెరగడం, తలనొప్పి | నోరు ఎండడం, మలబద్ధకం చాలా తక్కువ | బీపీ బాగా ఎక్కువగా ఉన్నవారు, మెటోప్రొలాల్ వాడేవారు |
| వైబెగ్రాన్ | తలనొప్పి, కొందరికి విరేచనాలు, వికారం | బీపీపై చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు | మూత్రం నిలిచిపోయే అవకాశం ఉన్నవారు |

## నోరు ఎండించే కుటుంబం

పట్టికలోని మొదటి అయిదూ యాంటీమస్కారినిక్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. మూత్రాశయపు కండరాన్ని బిగించమని ఆజ్ఞ మోసుకొచ్చే ఎసిటైల్‌కోలిన్‌ను ఇవి గ్రాహకం (కణం మీద ఆ ఆజ్ఞను అందుకునే చోటు) దగ్గరే ఆపేస్తాయి. చిక్కేమిటంటే అలాంటి గ్రాహకాలు లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, కంటి కండరాల్లో, స్వేద గ్రంథుల్లో, మెదడులో కూడా ఉన్నాయి. అందుకే ఒకే మాత్రతో నోరు ఎండడం, మలబద్ధకం, దగ్గరి అక్షరాలు మసకబారడం, చెమట తగ్గడం వరుసగా వస్తాయి.

నోరు ఎండడాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. నోరు ఎండిన మనిషి నీళ్లు తాగుతాడు, నీళ్లు తాగితే మూత్రం పెరుగుతుంది, మాత్ర పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచమంటాడు, మోతాదు పెరిగితే నోరు ఇంకా ఎండుతుంది. ఈ వలయంలో పడి మందు మానేసేవారు చాలామంది. గుక్కెడు నీటితో నోరు తడుపుకోవడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం కొంత మేలు చేస్తాయి. పిప్పరమెంటు బిళ్లలు మాత్రం వద్దు: లాలాజలం లేని నోట్లో చక్కెర నిలిస్తే పళ్లు త్వరగా పుచ్చుతాయి, షుగర్ ఉన్నవారికి అది రెట్టింపు నష్టం. కట్టుడు పళ్లు ఉన్నవారికి ఎండిన నోట్లో అవి కుదురుగా నిలవక పుండ్లు పడతాయి.

ఈ ఇబ్బంది మందును బట్టీ, మోతాదును బట్టీ ఎంతగా మారుతుందో అంకెలు చూపుతాయి. వెంటనే విడుదలయ్యే ఆక్సిబ్యుటినిన్ వాడినవారిలో నోరు ఎండడం సుమారు 70 శాతం మందిలో నమోదైంది. టోల్టెరోడిన్‌లో వెంటనే విడుదలయ్యే రకానికి అది సుమారు 35 శాతం, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి సుమారు 23 శాతం. సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. తీసుకున్నవారిలో సుమారు 11 శాతం మందికి, 10 మి.గ్రా. తీసుకున్నవారిలో సుమారు 28 శాతం మందికి నోరు ఎండింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో కూడా 4 శాతం మంది అదే చెప్పారు. ఇవి వేర్వేరు పరీక్షల అంకెలు కాబట్టి ఒకదాని పక్కన ఒకటి పెట్టి తూకం వేయడం పూర్తిగా న్యాయం కాదు, అయినా దిశ స్పష్టమే. సోలిఫెనాసిన్‌లో మోతాదు రెట్టింపైతే ఇబ్బంది రెట్టింపును మించింది, ప్రయోజనం ఆ మేరకు పెరగలేదు. 5 మి.గ్రా.తో ఓ మోస్తరు మేలు కలిగినవారు 10కి పోవడానికి తొందరపడకూడదని నేననేది ఇందుకే.

ఆక్సిబ్యుటినిన్ మాత్ర నోరు ఇంతగా ఎండించడానికి కారణం కాలేయంలో అది మారి పుట్టే ఒక ఉప పదార్థం. అదే మందును చర్మానికి అంటించే పట్టీ రూపంలో ఇస్తే కాలేయపు తొలి వడపోత తప్పుతుంది, నోరు ఎండడం ఉత్తుత్తి పట్టీ స్థాయికి దగ్గరగా దిగుతుంది. బదులుగా అంటించిన చోట దురద, ఎర్రదనం వస్తాయి. అమెరికాలో ఈ పట్టీని మహిళలు చీటీ లేకుండానే కొనుక్కోవడానికి 2013లో అనుమతి ఇచ్చారు. అక్కడి తెలుగు కుటుంబాల్లో అరవై దాటిన తల్లికి దాన్ని తెచ్చి ఇచ్చేవారు, ఈ మందు పెద్దవారి మెదడుపై చూపే ప్రభావం పట్టీతో పూర్తిగా పోదని గుర్తుంచుకోవాలి.

మలబద్ధకంలో డారిఫెనాసిన్‌ది పైచేయి: 7.5 మి.గ్రా. మోతాదులో సుమారు 15 శాతం, 15 మి.గ్రా.లో సుమారు 21 శాతం. మలంతో నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కి తొందరను పెంచుతుంది, అంటే మలబద్ధకం తెచ్చిన మందు తాను తీర్చవలసిన సమస్యనే కొంత పెంచుతుందన్నమాట. ఇసబ్‌గోల్ తీసుకునేవారు తగినన్ని నీళ్లు తాగకపోతే అది కూడా బిగుసుకుపోతుంది, నీళ్లు తాగాలంటే మూత్రం భయం. ముందు నుంచే వారానికి రెండు మూడు సార్లే విరేచనం అయ్యేవారు ఈ కుటుంబం జోలికి పోకుండా మిరాబెగ్రాన్ గురించి అడగడం మేలు.

ఈ మందులు శరీరంలో ఎంతసేపు ఉంటాయన్నది చాలామంది పట్టించుకోని తేడా. సోలిఫెనాసిన్ సగం తగ్గడానికే దాదాపు రెండు రోజులు పడుతుంది, కాబట్టి పడకపోతే ఆపిన తర్వాత కూడా ఇబ్బంది కొన్ని రోజులు వెంటాడుతుంది. వెంటనే విడుదలయ్యే ఆక్సిబ్యుటినిన్ కొన్ని గంటల్లో దిగిపోతుంది. రోజూ అవసరం లేకుండా, తిరుమల క్యూలోనో ఆరు గంటల ఆర్టీసీ ప్రయాణంలోనో మాత్రమే భయపడే నడివయసు మనిషికి, వైద్యుడు ఒప్పుకుంటే, అవసరానికి ఒకటిగా వాడుకోవడానికి ఆ పాత మందే అనువుగా ఉంటుంది. దానికి మిగిలిన ఏకైక గౌరవస్థానం బహుశా ఇదే.

## మతి మీద ప్రభావం

అరవై అయిదు దాటినవారి విషయంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. యాంటీమస్కారినిక్‌లు మెదడులోకి చేరితే మగత, తికమక, కొత్త విషయాలు గుర్తుండకపోవడం కలగవచ్చు. 2015లో అమెరికా నుంచి, 2019లో బ్రిటన్ నుంచి వెలువడిన పెద్ద అధ్యయనాలు ఈ తరహా మందులను ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో డిమెన్షియా మరింత ఎక్కువగా కనిపించిందని చెప్పాయి. అవి పరిశీలన అధ్యయనాలే కాబట్టి మందే కారణమని రుజువు కాలేదు, డిమెన్షియా తొలిదశలోనే మూత్రం సమస్య మొదలై దానికి మందు రాసి ఉండవచ్చన్న వాదన కూడా ఉంది. అయినా ఇప్పటికే మతిమరుపు ఉన్నవారికి ఈ కుటుంబాన్ని తప్పించమని వృద్ధుల వైద్యంలో మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ట్రోస్పియం అణువు మీద విద్యుదావేశం ఉండడం వల్ల అది రక్తం నుంచి మెదడులోకి చాలా తక్కువగా దాటుతుంది. డారిఫెనాసిన్ మూత్రాశయంలో ముఖ్యమైన ఎం3 గ్రాహకాలనే ఎక్కువగా పట్టుకుంటుంది, జ్ఞాపకశక్తికి సంబంధించిన ఎం1 జోలికి తక్కువగా పోతుంది. ఈ కుటుంబంలోనే ఎంచుకోక తప్పని పెద్దవారికి ఈ రెండూ పరిశీలించదగ్గవి. ఆక్సిబ్యుటినిన్ మాత్రం వారికి చివరి స్థానంలోనే ఉండాలి.

లెక్కలోకి రాని మందులు ఇక్కడ కొంప ముంచుతాయి. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్, కడుపునొప్పి మాత్రల్లోని డైసైక్లోమిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా ఎసిటైల్‌కోలిన్‌నే అడ్డుకుంటాయి. సోలిఫెనాసిన్ వాడుతున్న తాతగారికి జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చిన రెండు మాత్రలతో ఆ రాత్రి మాట తడబడి, మూత్రం ఆగిపోయే పరిస్థితి వస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు.

## మిరాబెగ్రాన్, వైబెగ్రాన్

ఈ రెండూ దారి మార్చాయి. బిగించమనే ఆజ్ఞను ఆపకుండా, సడలమని చెప్పే బీటా-3 గ్రాహకాన్ని మేల్కొలుపుతాయి. మిరాబెగ్రాన్ జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో అనుమతి పొందింది. వైబెగ్రాన్‌కు జపాన్‌లో 2018లో, అమెరికాలో 2020 చివర అనుమతి వచ్చింది. నోరు ఎండడం వీటితో దాదాపు ఉత్తుత్తి మాత్రతో ఉన్నంతే, మలబద్ధకం కూడా తక్కువే, జ్ఞాపకశక్తి భయం ఇప్పటివరకు వీటికి అంటలేదు.

మిరాబెగ్రాన్‌కు బదులు చెల్లించేది బీపీ. పరీక్షల్లో రోగులకు సగటున పెరిగింది ఒక పాయింటు లోపే, కానీ సగటు అందరినీ కాపాడదు. బీపీ 180/110 లేదా అంతకు మించి ఉండి అదుపులోకి రానివారు దీన్ని వాడకూడదని బ్రిటన్ 2015లో హెచ్చరించింది. బీపీ మాత్రలు వేసుకుంటూ 130 దగ్గర నిలకడగా ఉన్నవారికి ఇది నిషేధం కాదు: మొదలుపెట్టే ముందు ఓసారి, రెండు వారాలకు ఓసారి, ఆ తర్వాత నెలకోసారి చూసుకుంటే చాలు. బీపీ మెషీన్ ఇంట్లో ఉంటే ఇది పెద్ద పని కాదు.

ఇంకో చిక్కు, ఇది కాలేయంలో మరికొన్ని మందులు విచ్ఛిన్నమయ్యే దారిని మందగింపజేస్తుంది. మన దగ్గర బీపీకీ గుండెకూ విరివిగా రాసే మెటోప్రొలాల్ ఆ దారినే పోతుంది, రెండూ కలిస్తే మెటోప్రొలాల్ రక్తంలో పెరిగి నాడి మందగించవచ్చు. డిగాక్సిన్ వాడేవారికి కూడా మోతాదు సరిచూడాలి. వైబెగ్రాన్‌కు మెటోప్రొలాల్‌తో ఈ పేచీ లేదు, డిగాక్సిన్ విషయంలో మాత్రం దానితోనూ జాగ్రత్త అవసరం. మిరాబెగ్రాన్ మాత్రను నమలకుండా, విరగ్గొట్టకుండా మింగాలి. మింగడం కష్టమైనవారికి వైబెగ్రాన్ మాత్రను పొడి చేసి మెత్తని పండు గుజ్జులో కలిపి ఇవ్వడానికి వీలుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి మిరాబెగ్రాన్ 25 మి.గ్రా. మించకూడదు.

అమెరికాలో చాలా బీమా పథకాలు ముందు చవకైన పాత మాత్రను వాడి చూడమంటాయి. ఇంట్లో డెబ్బై ఏళ్ల పెద్దవారుంటే, వయసునూ వాడుతున్న ఇతర మందులనూ చూపిస్తూ మినహాయింపు కోసం రాయమని వైద్యుణ్ణి అడగడంలో సంకోచం అక్కర్లేదు.

## ఎవరికి ఏ వైపు మొగ్గు

నలభై, యాభై మధ్య వయసు, వేరే జబ్బులు లేవు, ఖర్చు ముఖ్యం అనుకునేవారికి సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. లేదా నెమ్మదిగా విడుదలయ్యే టోల్టెరోడిన్ సమంజసమైన మొదటి అడుగు. డెబ్బై దాటి, నాలుగైదు మందులు వాడుతూ, పేర్లు మరచిపోవడం మొదలైనవారికి బీటా-3 మందే ముందు. బీపీ ఎప్పుడు చూసినా 170 పైన ఉంటే, మూత్రాశయం సంగతి ఆగవచ్చు, మొదట బీపీ దింపాలి.

తామరకు వాడే ఇట్రాకొనజోల్ మన ఊళ్లలో నెలల తరబడి సాగుతుంది. అది సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్ విచ్ఛిన్నాన్ని అడ్డుకుని వాటి ప్రభావాన్ని పెంచుతుంది. అప్పుడు సోలిఫెనాసిన్ 5, డారిఫెనాసిన్ 7.5 మి.గ్రా. దాటకూడదు. చర్మవైద్యుడికి మూత్రం మాత్ర సంగతి చెప్పడానికి సిగ్గుపడడమే ఇక్కడ అసలు ప్రమాదం.

నీటికాసులన్నీ ఒకటి కావు. కంటి కోణం ఇరుకుగా ఉండి చికిత్స జరగని రకంలో యాంటీమస్కారినిక్‌లు కంటి పీడనాన్ని ఒక్కసారిగా పెంచగలవు. కోణం తెరిచి ఉన్న రకానికి చుక్కల మందు వాడుతున్నవారు కంటివైద్యుడి మాటతో వాడుకోగలరు. ఏ రకమో తెలియనివారు ముందు అది తెలుసుకోవాలి.

ఎండలో పనిచేసేవారి సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యాంటీమస్కారినిక్‌లు చెమటను తగ్గిస్తాయి. అతిగా చెమట పట్టేవారికి ఆక్సిబ్యుటినిన్‌ను చికిత్సగా వాడడం కూడా ఆ గుణం వల్లే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో మిరప కల్లాల్లో, భవన నిర్మాణంలో, ఉపాధి పనిలో ఉండే మనిషికి చెమట తగ్గడమంటే ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోవడమే. పైగా మూత్రం వస్తుందన్న భయంతో ఆడవాళ్లు పనిచోట నీళ్లు తాగడం మానేస్తారు. రెండూ కలిస్తే వడదెబ్బకు తలుపు తెరిచినట్లే. వేసవిలో మొదలుపెట్టవలసి వస్తే మిరాబెగ్రాన్ వైపు మొగ్గడం మేలు, అది కుదరకపోతే ఎండ పొద్దు పని వేళలను మార్చుకోవాలి.

## వాడి చూసే గడువు

ఇబ్బందులు మొదటి వారంలోనే మొదలవుతాయి, మేలు తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ ఎడంలోనే ఎక్కువమంది మానేస్తారు. మొదలుపెట్టే ముందు మూడు రోజులు, నెల తర్వాత మూడు రోజులు ఎన్నిసార్లు వెళ్లారో, ఎన్నిసార్లు బట్టలు తడిశాయో కాగితం మీద రాసి పెట్టుకుంటే వైద్యుడితో మాట్లాడడానికి ఆధారం ఉంటుంది. సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానడం, తొందర కలిగినా కొన్ని నిమిషాలు ఓపిక పట్టే అలవాటు చేసుకోవడం, కటి కండరాలను బిగించే వ్యాయామం మాత్రతో పాటు కొనసాగాలి. వీటికి దుష్ఫలితాలు లేవు.

ఒక మందు చాలకపోతే సోలిఫెనాసిన్ మోతాదు పెంచే బదులు దానికి మిరాబెగ్రాన్ కలపడం ఇంకో దారి. ఆ రెండూ కలిపిన మాత్రలు మన దగ్గర దొరుకుతున్నాయి. అయితే కలిపిన మాత్రతో మొదలుపెడితే ఇబ్బంది దేని వల్ల వచ్చిందో తేలదు, అందుకని విడివిడిగా చూసిన తర్వాతే దానికి మారడం మంచిది.

మూత్రం అసలే రాకుండా పొత్తికడుపు ఉబ్బినా, కంటిలో తీవ్రమైన నొప్పితో చూపు మసకబారినా, ముఖమో నాలుకో వాచినా, పెద్దవారు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా గడువు కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఏ మాత్రా పడనివారికి మూత్రాశయపు గోడలోకి 100 యూనిట్ల బొటాక్స్ ఇంజక్షన్ ఉంది. నోరు, పేగు, మతి సమస్యలు దానితో దాదాపు ఉండవు, ప్రభావం నెలల పాటు నిలుస్తుంది. బదులుగా మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, పరీక్షల్లో సుమారు నూటికి ఆరుగురికి మూత్రం నిలిచిపోయి కొంతకాలం స్వయంగా పైపు పెట్టుకోవలసి వచ్చింది. అలా పెట్టుకోగలనా లేదా అన్నది ఇంజక్షన్‌కు ఒప్పుకునే ముందే ఆలోచించుకోవాలి. పెట్టుకోలేననిపిస్తే, చీలమండ దగ్గర సన్నని సూది గుచ్చి వారానికి అరగంట చొప్పున పన్నెండు వారాలు నరాన్ని ప్రేరేపించే చికిత్స మిగులుతుంది. దాని ఇబ్బంది సూది గుచ్చిన చోట కాస్త నొప్పి, పన్నెండు సార్లు ఆస్పత్రికి తిరగడం.